వీధి లైటు తల వంచితే ఆకాశం ఎంత మారుతుంది

చుక్కలు కనిపించడం లేదని బాధపడేవాళ్లు చివరికి అనేది ఒకటే మాట, "ఊళ్లు పెరిగాయి, లైట్లు పెరిగాయి, ఇంక మనం చేసేదేముంది" అని. నేను ఈ మాటకి అస్సలు ఒప్పుకోను. చెరువులో కలిసిన విషం పోవాలంటే ఏళ్లు పడుతుంది, నేలలో దిగిన ప్లాస్టిక్ మన మనవళ్ల కాలానికీ పోదు, ఆకాశంలోకి పోయే వెలుతురు మాత్రం స్విచ్ ఆపిన క్షణంలో మాయమవుతుంది, వెనక ఏమీ మిగలదు. న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబరు 11 రాత్రి ఆకాశంలోకి నిలువుగా వేసే రెండు కాంతి స్తంభాల మీద 2017లో ఒక పరిశోధన వచ్చింది. ఏడేళ్లలో, ఏడాదికి ఒక్క రాత్రి చొప్పున, దాదాపు 11 లక్షల వలస పక్షుల మీద ఆ వెలుతురు ప్రభావం పడిందని అందులో లెక్క తేలింది. అందులోనే ఉన్న ఇంకో సంగతి నాకు అంతకంటే ముఖ్యం. లైట్లు ఆపగానే, అప్పటిదాకా అక్కడక్కడే తిరుగుతున్న పక్షులు కొద్ది నిమిషాల్లో విడిపోయి తమ దారిన పోయాయి. ఇంత త్వరగా బాగుపడే కాలుష్యం ఇంకొకటి ఉందేమో నాకు తెలీదు, అందుకే దీన్ని మన చేతిలో లేని పనిగా వదిలేయడం నాకు నచ్చదు.

మేం కొంతమందిమి, రాత్రిపూట డాబాల మీద టెలిస్కోపు పెట్టుకుని కూర్చునేవాళ్లం, మేముండే వీధుల్లో లైట్ల మీద కొంతకాలంగా పని చేస్తున్నాం. రిజిస్టరైన సంస్థ ఏమీ కాదు, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. ఈ పనిలో మాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. వెళ్లి "చీకటి కావాలి" అని అడిగితే ఎవరూ వినరు, వినకపోవడంలో న్యాయం కూడా ఉంది, రాత్రి డ్యూటీ నుంచి ఒంటరిగా నడిచొచ్చే మనిషికి వెలుతురు కావాలి కదా. మేం అడిగేది వెలుతురు పడాల్సిన చోట పడమని, అక్కర్లేనప్పుడు ఆగమని. ఇలా అడిగితే ఎదుటివాళ్లు కుర్చీ వేసి మాట్లాడతారు.

వెలుతురు ఆకాశాన్ని ఎలా పాడుచేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. లైటు నుంచి నిట్టనిలువుగా పైకి పోయిన వెలుతురులో ఎక్కువ భాగం వాతావరణం దాటి అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. అది దండగే, అయితే చుక్కలు చూసేవాళ్లకి దానికంటే పెద్ద శత్రువు అడ్డంగా పోయే వెలుతురు. నేలకి సమాంతరంగానో, దానికి కాస్త పైకి ఓ పది డిగ్రీల లోపు కోణంలోనో బయల్దేరిన వెలుతురు గాలిపొరలో చాలా దూరం ప్రయాణం చేస్తుంది, దారిపొడవునా గాలి అణువులకీ దుమ్ముకీ తేమకీ తగిలి చెదురుతుంది, ఆ చెదిరిన దాంట్లో కొంత మన కళ్లలోకే తిరిగొస్తుంది. పట్నం మీద రాత్రిపూట పరుచుకుని కనిపించే పాలిపోయిన తెర అదే. పెద్ద నగరం తెర పదుల కిలోమీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. దూరం రెట్టింపైతే ఆ తెర వెలుగు సుమారు ఆరో వంతుకి పడిపోతుందని మెర్ల్ వాకర్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1970ల్లో కొలతలు తీసి చెప్పిన సూత్రం ఇప్పటికీ బాగానే పనికొస్తోంది, టెలిస్కోపు కారులో వేసుకుని ఎంత దూరం పోతే లాభమో అంచనా వేయడానికి మేం దాన్నే వాడతాం. మబ్బులుంటే నగరం మీద ఇంకా ఘోరం, బెర్లిన్‌లో కొలిచినప్పుడు మబ్బు పట్టిన రాత్రి ఆకాశం, మబ్బు లేని రాత్రి కంటే దాదాపు పది రెట్లు వెలుగుతోంది.

ఇది తెలిశాక వీధిలో నడుస్తుంటే లైట్లన్నీ వేరేగా కనిపిస్తాయి. గేటు స్తంభాల మీద పెట్టే గుండ్రటి గ్లోబు లైటు ఉంటుంది చూడండి, దాని వెలుతురులో ఇంచుమించు సగం నడుముకి పైనుంచే బయటికి పోతుంది, నేలకి దాంతో పనే లేదు. వీధి లైటుకి పొడుగు చెయ్యి ఉంటుంది కదా, ఆ చెయ్యి పదిహేను ఇరవై డిగ్రీలు పైకి లేచి ఉంటే దాని చివర ఉన్న ఎల్ఈడీ ప్లేటు కూడా అంతే లేచి ఉంటుంది, ఎదుటి మేడ మూడో అంతస్తు పడకగదిలోకి వెలుతురు కొడుతుంది. అదే ప్లేటుని నేలకి సమాంతరంగా తిప్పితే లైటు మారదు, కరెంటు ఖర్చు మారదు, రోడ్డు మీద వెలుతురు ఇంకాస్త పెరుగుతుంది. కావాల్సింది ఒక నిచ్చెన, ఒక స్పానరు, పని తెలిసిన లైన్‌మన్. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, ఎందుకంటే దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఇంతా చేసి నేల మీద పడ్డ వెలుతురు కూడా అక్కడే ఆగిపోదు. తారు రోడ్డు తన మీద పడ్డదాంట్లో సుమారు పదో వంతుని తిరిగి పైకి పంపిస్తుంది, సిమెంటు రోడ్డూ సున్నం వేసిన గోడా ఇంకా ఎక్కువ. కాబట్టి తల దించినా సరే, అక్కర్లేనంత వాటేజీ పెడితే ఆకాశానికి మళ్లీ దెబ్బే. పాత లైటు తీసి ఎల్ఈడీ పెట్టినప్పుడు కరెంటు ఆదా అయింది కదా అని దాంతో ఇంకా ఎక్కువ వెలుగు తెచ్చుకోవడం చాలాచోట్ల జరిగిన పని, ఆ ఆదాలో చాలా భాగం అక్కడే పోయింది.

రంగు సంగతి కూడా కాస్త వివరంగానే చెప్పాలి. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం వెలుతురునిచ్చే చిప్, దానిమీద పసుపుపచ్చటి ఫాస్ఫర్ పూత ఉంటుంది, రెండూ కలిసి మనకి తెల్లగా కనిపిస్తాయి. పూత పలచగా ఉంటే నీలం ఎక్కువ బయటికి వస్తుంది. గాలి అణువులు నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, పగలు ఆకాశం నీలంగా ఉండేది అందుకే, రాత్రి మన లైట్ల విషయంలోనూ అదే సూత్రం. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలం, 590 దగ్గరుండే పసుపు కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ చెదురుతుంది. దానికి తోడు చీకటికి అలవాటు పడ్డ కన్ను నీలం, ఆకుపచ్చల వైపే ఎక్కువ స్పందిస్తుంది, అంటే దెబ్బ మీద దెబ్బ. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద కెల్విన్లలో ఒక నంబరు ఉంటుంది, చాలామంది వాటేజీ చూసి దాన్ని వదిలేస్తారు. 6500 అని ఉంటే అది కూల్ డేలైట్, నీలం బాగా ఉన్నది. 2700, 3000 అని ఉంటే వార్మ్ వైట్. బయట పెట్టే ఏ లైటైనా 3000 దాటకూడదని, రాత్రి చీకటిని కాపాడటానికి పనిచేసే అంతర్జాతీయ సంస్థ డార్క్ స్కై ఇంటర్నేషనల్ ఎప్పట్నుంచో చెబుతోంది, 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా నిద్ర, కళ్లు చెదరడం వంటి కారణాలతో ఇదే హద్దు సూచించింది. 2200 దొరికితే ఇంకా మేలు.

ఈ నీలం గొడవ వల్లే ఉపగ్రహాల కొలతలకీ మన కళ్లకీ పొత్తు కుదరడం లేదు. 2023లో సైన్స్ పత్రికలో క్రిస్టఫర్ కైబా బృందం ఒక పరిశోధన ప్రచురించింది. 2011 నుంచి 2022 దాకా మామూలు జనం తమ కళ్లతో చూసి పంపిన 51 వేలకు పైగా పరిశీలనల్ని పోగేసి చూస్తే, ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున వెలుగెక్కుతోందని తేలింది. అంటే ఎనిమిదేళ్లు తిరక్కుండానే రెట్టింపు. ఒక పిల్ల పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించే చోట, ఆ పిల్లకి 18 ఏళ్లు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయని వాళ్లే లెక్క కట్టారు. ఉపగ్రహాల లెక్కలో ఇంత పెరుగుదల కనిపించలేదు, ఎందుకంటే వాటి సెన్సార్లకి నీలం సరిగ్గా అందదు, గోడల మీదా బోర్డుల మీదా అడ్డంగా పోయే వెలుతురు పైనుంచి చూస్తే అంతగా కనపడదు. ఆ పరిశీలనల్లో ఎక్కువ భాగం యూరప్, ఉత్తర అమెరికాల నుంచి వచ్చినవే. మిగతా ప్రపంచం నుంచి చూసి పంపేవాళ్లు పెరగాలి, దీని గురించి కింద మళ్లీ చెప్తాను.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మా వీధిలో ఒక పెద్దావిడ మొదటి రోజే అడిగారు, "లైట్లు తగ్గిస్తే దొంగలు రారా బాబూ?" అని. ఆవిడ భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేసే హక్కు మాకు లేదు. ఆవిడ్ని వాళ్ల గేటు పక్కనున్న ఫ్లడ్‌లైటు ఎదుట నిలబెట్టి, "ఆ లైటు వెనక ప్రహరీ దగ్గర ఎవరైనా ఉన్నారా చెప్పండమ్మా" అని అడిగాం. కనిపించలేదు. తర్వాత ఆ లైటు కళ్లలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోమన్నాం, వెంటనే ప్రహరీ, దాని పక్కన ఆపిన స్కూటరు, అక్కడ కూర్చున్న మా కుర్రాడు అందరూ కనిపించారు. సూటిగా కళ్లలో పడే వెలుతురుకి కంటిపాప ముడుచుకుపోతుంది, కంటి లోపల చెదిరిన వెలుతురు తెరలా పరుచుకుని నీడల్లో ఉన్నదాన్ని కనపడనివ్వదు, దాక్కునేవాడికి ఆ నీడే కావాలి. లైటుకి టోపీ పెట్టి కిందికి దించితే మనిషి ముఖం, మెట్లు, గుంటలు అన్నీ కనిపిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల పరిధిలో 14 ఏళ్ల లెక్కలు తీసి చూసిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. వీధి లైట్లని కొన్ని గంటలు ఆపినా, తగ్గించినా, తెలుపు రంగుకి మార్చినా రోడ్డు ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగాయనడానికి అందులో ఆధారం దొరకలేదు. అన్ని ఊళ్లకీ ఇదే వర్తిస్తుందని నేననను, గుంటలూ కుక్కలూ ఫుట్‌పాత్ లేకపోవడమూ ఉన్నచోట లెక్క వేరుగా ఉండొచ్చు. అందుకే మేం వీధి లైట్లు ఆపమని ఎప్పుడూ అడగలేదు, అడగం కూడా.

ఆ మాటకొస్తే వీధి లైట్లు ఈ కథలో సగం కూడా కావు. అమెరికాలోని టూసాన్ నగరం 2019లో కొన్ని రాత్రులపాటు తన వీధి లైట్ల వెలుగుని కావాలని మార్చి, ఉపగ్రహం నుంచి ఎంత తేడా కనపడుతుందో చూసింది. నగరం నుంచి పైకి కనిపించే మొత్తం వెలుతురులో వీధి లైట్ల వాటా ఐదో వంతు లోపే అని తేలింది. మిగతాదంతా షాపులు, పార్కింగ్ స్థలాలు, ఆట మైదానాలు, ప్రకటనల బోర్డులు, ఇళ్ల బయటి లైట్లు. ఈ ఒక్క అంకె మా పని తీరునే నిర్ణయించింది. మున్సిపాలిటీ చుట్టూ తిరగడం కంటే వీధిలో వాళ్లతో మాట్లాడటానికే ఎక్కువ సమయం పెడుతున్నాం.

మేం చేసే సర్వే చాలా మామూలుది. రాత్రి పదకొండు దాటాక ఇద్దరిద్దరుగా నడుస్తూ ప్రతి లైటునీ రాసుకుంటాం. ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది, తెలుపా పసుపా, కింద ఎవరైనా మనుషులు తిరుగుతున్నారా, దూరం నుంచి చూస్తే బల్బే నేరుగా కంట్లో పడుతోందా. చివరిది చాలా గొప్ప పరీక్ష. నలభై యాభై అడుగుల దూరంలో నిలబడితే మనకి కనపడాల్సింది వెలిగిన నేల, బల్బు కనపడుతోందంటే ఆ లైటు పని చేయాల్సినట్టు చేయడం లేదు. రాసుకోవడం అయ్యాక ముందు ఏవి తేలికో వాటి దగ్గరికే పోతాం. ఖాళీ స్థలం మీద రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైటు, తాళం వేసిన షాపు ముందు తెల్లవార్లూ ఉండే బోర్డు, ఎవరూ ఎక్కని డాబా మీద మర్చిపోయిన ట్యూబు. ఓనరుకి చెప్తే చాలాసార్లు "అవునా, అది రాత్రంతా వెలుగుతోందా" అంటారు. అంతకుమించి వాదన ఏమీ ఉండదు, టైమరు పెట్టిస్తారు.

అపార్ట్‌మెంట్ల దగ్గర వేరే రకం ఓపిక కావాలి. అక్కడ నిర్ణయం ఒక్కరిది కాదు, సెక్రటరీ సరేనన్నా మీటింగులో ఎవరో ఒకరు వద్దంటారు. అక్కడ మేం చుక్కల గురించి చివర్లోనే మాట్లాడతాం. ముందు పడకగదుల్లోకి పడే వెలుతురు గురించి, కరెంటు బిల్లు గురించి, వాచ్‌మన్ కళ్లలో కొట్టే లైటు గురించి. పార్కింగులో మోషన్ సెన్సార్ పెడితే మనిషి వచ్చినప్పుడే లైటు పూర్తిగా వెలుగుతుంది, మిగతా సమయంలో సన్నగా ఉంటుంది. దీనికి ఒక లాభం ఉందని ఒక వాచ్‌మన్ అన్నే మాకు చెప్పాడు, లైటు ఒక్కసారి పెరిగిందంటే ఎవరో వచ్చినట్టు తనకి వెంటనే తెలుస్తుందట. ఇప్పుడు మేం వెళ్లిన ప్రతిచోటా ఈ మాట చెప్తున్నాం.

మున్సిపాలిటీ వైపు పని నెమ్మదిగా నడుస్తుంది, అయినా వదిలేయకూడదు. ఊరికే "లైట్లు ఎక్కువగా ఉన్నాయి" అని అర్జీ పెడితే అది ఎక్కడికీ పోదు. స్తంభం నంబరు, ఫొటో, ఏం చేయాలో ఒక్క వాక్యం, ఉదాహరణకి "ప్లేటుని నేలకి సమాంతరంగా దించాలి" అని రాస్తే పని చేసేవాడికి కూడా సులువు. ఇంకా ముఖ్యమైంది, కొత్తగా లైట్లు వేసే ముందే అడగడం. టెండరులో 3000 కెల్విన్, పైకి వెలుతురు పోని డిజైన్, అర్ధరాత్రి తర్వాత డిమ్ అయ్యే సదుపాయం అని మూడు ముక్కలు చేరితే తర్వాత పదేళ్లకి పైగా గొడవ ఉండదు. వేసేశాక మార్చమంటే ఎవరు ఖర్చు పెడతారు? చాలా ఎత్తైన స్తంభాల మీద పెట్టే హైమాస్ట్ లైట్ల విషయంలో ఇది మరీ నిజం, అంత ఎత్తు మీద బిగించాక ఒక్కో తల తిప్పడం కూడా పెద్ద పనే.

ఇలాంటివి ఎక్కడైనా నిలబడతాయా అని సందేహపడేవాళ్లకి నేను ముందు ఫ్లాగ్‌స్టాఫ్ గురించి చెప్తాను. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఉంది, ప్లూటోని 1930లో కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఉన్న ఊరు. అక్కడ 1958లోనే ప్రకటనల కోసం ఆకాశంలోకి సెర్చిలైట్లు వేయడాన్ని నిషేధిస్తూ ఊరి పాలకమండలి చట్టం చేసింది. తర్వాత దశాబ్దాల తరబడి నియమాల్ని పెంచుకుంటూ వచ్చి 2001లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై నగరం అయింది. అది హైవేలూ హోటళ్లూ యూనివర్సిటీ ఉన్న మామూలు పట్నం, లైట్లార్పుకుని కూర్చున్న పల్లె కాదు. జపాన్‌లో బిసెయ్ అనే చిన్న ఊరు 1989లో ఆ దేశంలోనే మొదటిసారిగా కాంతి కాలుష్యం మీద స్థానిక చట్టం తెచ్చింది, తర్వాత వేరే పట్నంలో కలిసిపోయినా ఆ పట్టు వదల్లేదు, 2021లో అంతర్జాతీయ గుర్తింపు తెచ్చుకుంది. ఫ్రాన్స్ దేశం మొత్తానికి 2018లో ఒక ఉత్తర్వు ఇచ్చింది, అందులో షాపుల అద్దాల లైట్లు రాత్రి ఒంటి గంట దాటి వెలగకూడదన్న నియమం నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే అది ఎవరి భద్రతకీ సంబంధం లేని వెలుతురు.

హాన్లే సంగతి ఇంకో రకం. లద్దాఖ్‌లో నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున భారత ఖగోళ వేధశాల ఉన్న చోటు అది, 2022 డిసెంబరులో దాని చుట్టూ డార్క్ స్కై రిజర్వ్ ప్రకటించారు. వేధశాల కోసం ఊళ్లవాళ్లు లైట్లు తగ్గించుకోవాలి అంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అక్కడ బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థవాళ్లు స్థానికులకే శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చి, వచ్చే సందర్శకులకి ఆకాశం చూపించే పని వాళ్లకే అప్పజెప్పారు. చీకటి వాళ్లకి జీవనోపాధి అయింది, ఇప్పుడు దాన్ని కాపాడాలని ఎవరూ చెప్పక్కర్లేదు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో దేశంలో మొదటి డార్క్ స్కై పార్కు అయింది, అక్కడ కూడా చుట్టుపక్కల గ్రామాల్లో వందకి పైగా లైట్లని నేల వైపు తిరిగేలా మార్చారు. గ్రామాల్లో లైట్లు తీసేయలేదు, గమనించండి. తిప్పారు.

కొలతల గురించి చెప్తానన్నాను. ఏ పని చేసినా ముందూ తర్వాతా కొలవకపోతే మనమే మనల్ని నమ్మలేం. స్కై క్వాలిటీ మీటర్ అనే చేతిలో పట్టే పరికరం ఉంటుంది, డాబా మీద నిలబడి ఆకాశం నడినెత్తికి పెట్టి నొక్కితే ఒక అంకె చూపిస్తుంది. 22కి దగ్గరగా ఉంటే సహజమైన చీకటి, పెద్ద నగరం నడిబొడ్డులో 18కి కాస్త అటూ ఇటూ. నాలుగు అంకెల తేడానే కదా అనిపిస్తుంది గానీ ఈ కొలత చుక్కల వెలుగుని కొలిచే మాగ్నిట్యూడ్లలో నడుస్తుంది, ఒక్కో అంకెకి రెండున్నర రెట్లు, నాలుగుకి దాదాపు నలభై రెట్లు. పరికరం లేకపోయినా ఫరవాలేదు, కన్నే చాలు. గ్లోబ్ ఎట్ నైట్ అనే కార్యక్రమం 2006 నుంచి నడుస్తోంది, చెప్పిన నక్షత్ర మండలాన్ని చూసి మనకి కనిపించినన్ని చుక్కలు వాళ్లిచ్చిన పటాల్లో దేనికి దగ్గరగా ఉన్నాయో చెప్తే సరిపోతుంది. పైన చెప్పిన 2023 పరిశోధనకి ముడిసరుకు ఇదే. వెన్నెల లేని రాత్రి చూడాలి, సూర్యాస్తమయం అయ్యాక గంటన్నర అయినా ఆగాలి, ఫోను చూడకుండా ఓ ఇరవై నిమిషాలు కళ్లని చీకటికి అలవాటు చేయాలి. ఫోను తప్పనిసరైతే ఎర్ర స్క్రీన్ పెట్టుకోండి, రాత్రి చూపునిచ్చే కణాల మీద ఎరుపు ప్రభావం చాలా తక్కువ.

పిల్లలకి మేం ఇంకా తేలిక పరీక్ష ఇస్తాం. కృత్తికల్లో, మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనే గుంపులో, ఎన్ని చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి? మసక మచ్చలా మాత్రమే ఉంటే ఆకాశం బాగా పాడైనట్టు, ఆరు కనిపిస్తే బాగున్నట్టు, చురుకైన కళ్లకి మంచి చీకట్లో ఇంకా ఎక్కువే కనిపిస్తాయి. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి కనిపిస్తోందా? ఇలా అడిగితే పిల్లలు పోటీ పడి చూస్తారు, ఇంటికెళ్లి "మన గేటు లైటు ఆపు నాన్నా, నాకు లెక్క తప్పుతోంది" అంటారు. మేం ఎంత చెప్పినా కదలని ఒక ఇంటి ఫ్లడ్‌లైటు చివరికి అలాగే కిందికి దిగింది.

మా వీధుల్లో మార్పు వల్ల నగరం మీది తెర తగ్గిపోయిందని నేను చెప్పలేను. అది అంత చిన్న పనికి తగ్గేది కాదు. మారింది దగ్గరి వెలుతురు, అంటే డాబా మీద నిలబడితే నేరుగా కళ్లలోకి కొట్టేది. అది పోయాక కళ్లు చీకటికి అలవాటు పడగలుగుతున్నాయి, దాంతోనే ఇంతకుముందు కనపడని మసక చుక్కలు కొన్ని కనపడుతున్నాయి, ఒరాయన్ నక్షత్ర మండలం నడుము కింద వేలాడే నెబ్యులా, అంటే వాయువూ ధూళీ కలిసిన మేఘం, బైనాక్యులర్స్‌లో స్పష్టంగా తెలుస్తోంది. పాలపుంత ఇంకా రాలేదు. ప్రపంచంలో మూడో వంతు మంది తాము ఉన్నచోటు నుంచి పాలపుంతని చూడలేని స్థితిలో ఉన్నారని 2016లో ఫాబియో ఫాల్కి బృందం తయారుచేసిన పటం చెప్పింది, మేమూ ఆ మూడో వంతులోనే ఉన్నాం. అందులోంచి బయటికి రావాలంటే మా వీధులొక్కటే చాలవు, పక్క వీధులవాళ్లు, ఆ పక్కవాళ్లు కలవాలి, పెద్ద మైదానాలూ బోర్డులూ దారికి రావాలి.

ప్రస్తుతం మా చేతిలో ఉన్న పని ఆట మైదానం లైట్లు. ఆడుకునేవాళ్లకి అవి కావాలి, ఆటని ఆపమనే ఆలోచన మాకు లేదు. ఆట అయిపోయాక కూడా అవి తెల్లవారేదాకా వెలుగుతుంటాయి, పైగా నాలుగు వైపులా తలలు బాగా పైకి లేపి బిగించారు. చివరి ఆట ముగిసిన పావుగంటకి ఆపేలా టైమరు, తలల వంపు సరిచేయడం, ఈ రెండే అడుగుతున్నాం. ఆడే కుర్రాళ్లే మాతోపాటు సంతకాలు పెట్టారు, ఎత్తుకి వెళ్లిన బంతి వాళ్లకీ ఆ వెలుతుర్లో కనపడటం లేదట. అర్జీతో పాటు ఫొటోలు, మీటరు అంకెలు జత చేశాం. వచ్చే అమావాస్యకి మళ్లీ కొలుస్తాం, అప్పటికి టైమరు పెట్టినా పెట్టకపోయినా.